అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం: విదేశాంగ విధాన సాధనాలు, ఇచ్చిన మాట విలువ

హిరోషిమా, నాగసాకి మృతుల స్మారకోపన్యాస పాఠం

హిరోషిమా, నాగసాకి నగరాల మీద 1945 ఆగస్టు 6, 9 తేదీల్లో పడిన అణుబాంబులకు బలైనవారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం, అటువంటి ఆయుధం మరిన్ని దేశాల చేతికి చిక్కకుండా చూడటానికి ప్రభుత్వాల వద్ద ఉన్న విదేశాంగ విధాన సాధనాలేమిటి, గడచిన ఎనభై ఏళ్ల అనుభవంలో వాటిలో ఏవి ఫలించాయి, ఏవి బెడిసికొట్టాయి అన్న విషయాన్ని పరిశీలిస్తుంది. ఒప్పందాలు, తనిఖీలు, ఎగుమతుల కట్టడి, ఆర్థిక ఆంక్షలు, సైనిక చర్య, రక్షణ హామీలు ఈ సాధనాల్లో ముఖ్యమైనవి. వీటిలో ప్రతి ఒక్కదాని మీదా విస్తారమైన చర్చ జరిగింది గానీ, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేలే ఒక సత్యానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. ఆయుధం వద్దనుకున్న దేశానికి ఇచ్చిన మాట నిలిచినచోట ఈ సాధనాలు పనిచేశాయి. మాట తప్పినచోట ఎంత పదునైన సాధనమైనా మొద్దుబారింది. ఈ ఉపన్యాసం ప్రతిపాదన అదే.

1963 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ, 1970ల నాటికి 15 నుంచి 25 దేశాల వద్ద అణ్వాయుధాలు ఉండే అవకాశం కనిపిస్తోందని విలేకరుల సమావేశంలో హెచ్చరించారు. అప్పటికి వాటిని పరీక్షించిన దేశాలు నాలుగే. ఆరు దశాబ్దాలు గడిచాక ఆ సంఖ్య తొమ్మిది దగ్గర ఆగి ఉంది: అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా, భారత్, పాకిస్థాన్, ఇజ్రాయెల్, ఉత్తర కొరియా. స్వీడన్, దక్షిణ కొరియా, తైవాన్, బ్రెజిల్, అర్జెంటీనా తమ ప్రయత్నాలను మధ్యలోనే వదులుకున్నాయి. దక్షిణాఫ్రికా తాను తయారుచేసుకున్న ఆరు బాంబులనూ తానే విప్పేసి 1991లో నిరోధక ఒప్పందంలో చేరింది. అంటే వ్యాప్తి అనివార్యమన్న నిరాశకు చరిత్రలో ఆధారం లేదు. అయితే ఆ విజయాలు వాటంతటవే వచ్చినవి కావు గనుక, అవి ఎలా సాధ్యమయ్యాయో తెలుసుకోవడం అవసరం.

ఒప్పందం, తనిఖీ

ఈ వ్యవస్థకు పునాది, 1968 జులై 1న సంతకాలకు సిద్ధమై 1970 మార్చి 5న అమల్లోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం. ఎన్‌పీటీగా వ్యవహరించే ఈ ఒప్పందం మూడు వాగ్దానాల మీద నిలబడి ఉంది: 1967 జనవరి 1కి ముందు అణుపేలుడు జరిపిన ఐదు దేశాలు తప్ప మిగతా సభ్యదేశాలు ఆయుధాల జోలికి పోవు, అందుకు బదులుగా విద్యుత్తు, వైద్యం వంటి శాంతియుత ప్రయోజనాలకు అణుశక్తిని వాడుకునే హక్కు వాటికి ఉంటుంది, ఆయుధాలున్న ఐదు దేశాలూ ఆరో అధికరణం కింద నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరుపుతాయి. భారత్, పాకిస్థాన్, ఇజ్రాయెల్ దీనిపై సంతకం చేయలేదు. ఉన్నవారికీ లేనివారికీ వేర్వేరు ధర్మాలు విధించే ఒప్పందం న్యాయమైనది కాదన్నది భారత్ మొదటినుంచీ చేస్తున్న వాదన. మూడో వాగ్దానం అరకొరగానే అమలైన తీరు చూస్తే ఆ వాదనలో బలం ఉందని ఒప్పుకోక తప్పదు.

ఒప్పందాన్ని కాగితం మీది మాటగా మిగలకుండా చూసే బాధ్యత 1957లో వియన్నా కేంద్రంగా ఏర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థది. బాంబుకు కావలసిన పదార్థం రెండు దారుల్లో లభిస్తుంది. మొదటిది యురేనియం శుద్ధి: సహజ యురేనియంలో 0.7 శాతం మాత్రమే ఉండే యురేనియం–235 అనే రకం పాలును, అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ యంత్రాల వరసల గుండా పంపి, రియాక్టర్ కోసమైతే మూడు నుంచి ఐదు శాతానికి, బాంబు కోసమైతే 90 శాతానికి పెంచడం. రెండోది, రియాక్టర్‌లో వాడి తీసిన ఇంధనాన్ని రసాయనాల్లో కరిగించి అందులోని ప్లుటోనియాన్ని వేరుచేయడం. ఎనిమిది కిలోల ప్లుటోనియం గానీ, అధికంగా శుద్ధిచేసిన యురేనియంలో 25 కిలోల యురేనియం–235 గానీ దారి తప్పితే ఒక బాంబు తయారయ్యే అవకాశాన్ని కాదనలేమని ఆ సంస్థ లెక్క. అందుకే తనిఖీదారులు పదార్థాన్ని తూచి ఖాతాలతో సరిచూస్తారు, పాత్రలకు సీళ్లు వేస్తారు, కెమెరాలు అమరుస్తారు, గోడల మీదా యంత్రాల మీదా నూలుగుడ్డతో తుడిచి ఆ గుడ్డకు అంటిన ధూళికణాలను ప్రయోగశాలకు పంపుతారు.

ఈ తుడుపు ఎంత శక్తిమంతమైన సాధనమో 1992లో ఉత్తర కొరియాలో రుజువైంది. యాంగ్‌బ్యన్ అణుకేంద్రంలో 1990లో ఒకే ఒక్కసారి, దాదాపు 90 గ్రాముల ప్లుటోనియాన్ని మాత్రమే వేరుచేశామని ఆ దేశం ప్రకటించింది. ప్లుటోనియం–241 కాలక్రమంలో తనంతట తానే అమెరీషియం–241గా మారుతుంది గనుక, ఒక నమూనాలో ఈ రెండింటి నిష్పత్తిని కొలిస్తే ఆ ప్లుటోనియాన్ని ఇంధనం నుంచి ఎప్పుడు వేరుచేశారో చెప్పవచ్చు. అక్కడ సేకరించిన నమూనాలు 1989, 1990, 1991 సంవత్సరాల్లో మూడు విడతలుగా ఆ పని జరిగిందని తేల్చాయి. అంతకు ముందు ఏడాదే ఇరాక్ రహస్య కార్యక్రమం బయటపడి, ప్రకటించిన కేంద్రాలను మాత్రమే చూసివచ్చే పాత పద్ధతిలోని లోపాన్ని చాటింది. ఈ రెండు అనుభవాల ఫలితంగా, ప్రకటించని చోట్లకు కూడా వెళ్లే వీలు కల్పించే అదనపు ప్రోటోకాల్ 1997లో రూపుదిద్దుకుంది. అయితే తనిఖీ నిజాన్ని బయటపెడుతుందే తప్ప, ఆ నిజం తెలిశాక ఏంచేయాలో అది చెప్పదు. అక్కడినుంచి బాధ్యత ప్రభుత్వాలది.

ఎగుమతుల కట్టడి

1974 మే 18న పోఖ్రాన్‌లో భారత్ జరిపిన అణుపేలుడు దరిమిలా అణు సరఫరాదారుల బృందం ఏర్పడింది. రియాక్టర్లు, భారజలం, శుద్ధి యంత్రాలతో పాటు, మామూలు పరిశ్రమల్లోనూ అణు కార్యక్రమంలోనూ పనికొచ్చే ప్రత్యేక ఉక్కు, విద్యుత్ పరికరాల వంటి వస్తువులను కూడా ఎవరికి అమ్మవచ్చో ఎవరికి అమ్మకూడదో ఈ బృందంలోని దేశాలు కలిసి నిర్ణయించుకుంటాయి. ఈ కట్టడి వల్ల ఆయుధ కార్యక్రమాలు ఆలస్యమయ్యాయి, ఖరీదయ్యాయి, కొన్నిచోట్ల ఆగిపోయాయి కూడా. కానీ దీనికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, దొంగదారులు: నెదర్లాండ్స్‌లో పనిచేసి 1975 చివర స్వదేశానికి చేరిన అబ్దుల్ ఖదీర్ ఖాన్, అక్కడ సంపాదించిన సెంట్రిఫ్యూజ్ పరిజ్ఞానంతో మొదట పాకిస్థాన్ కార్యక్రమాన్ని నడిపి, తరవాత ఇరాన్, లిబియా, ఉత్తర కొరియాలకు చేరవేసిన ఉదంతం 2004 ఫిబ్రవరిలో ఆయన టెలివిజన్ ముందు ఒప్పుకోవడంతో లోకానికి తెలిసింది. ప్రభుత్వాలను మాత్రమే దృష్టిలో పెట్టుకున్న కట్టడికి వ్యాపారుల గొలుసు దొరకదని గ్రహించిన భద్రతా మండలి, అదే ఏడాది ఏప్రిల్‌లో 1540వ తీర్మానం ద్వారా ప్రతి దేశమూ ఇటువంటి రవాణాను నేరంగా పరిగణించే చట్టం చేయాలని ఆదేశించింది.

రెండో పరిమితి, ఈ ఉపన్యాసం ప్రధానాంశానికి నేరుగా సంబంధించినది. తారాపూర్ రియాక్టర్లకు 30 ఏళ్లపాటు శుద్ధిచేసిన యురేనియం సరఫరా చేస్తామని అమెరికా 1963లో భారత్‌తో ఒప్పందం చేసుకుంది. 1978లో అమెరికా కాంగ్రెస్ తెచ్చిన కొత్త చట్టం, దేశంలోని అణుకేంద్రాలన్నిటినీ అంతర్జాతీయ తనిఖీకి అప్పగించిన దేశాలకే ఇంధనం ఇవ్వాలని షరతు పెట్టి, పాత ఒప్పందాలకు కూడా దాన్ని వర్తింపజేసింది. సరఫరా నిలిచిపోయి, చివరికి 1982లో ఫ్రాన్స్ ఆ బాధ్యత తీసుకోవలసి వచ్చింది. దిగుమతి అయిన ఆ యురేనియాన్ని తారాపూర్‌కు పనికొచ్చే ఇంధన బిళ్లలుగా, కడ్డీలుగా మలిచేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. అందులోని కొన్ని విభాగాలు అంతర్జాతీయ తనిఖీలో ఉన్నాయి. తనిఖీకి లోబడిన రియాక్టర్లకే ఇంధనం ఆగిపోవడం చూసిన భారత్, విదేశీ ఒప్పందాల మీద ఆధారపడటం క్షేమం కాదన్న నిర్ణయానికి వచ్చింది. ఏ చట్టం భారత్‌ను నిరోధక వ్యవస్థలోకి రప్పించాలని ఉద్దేశించిందో, అదే చట్టం దాన్ని మరింత దూరం నెట్టింది. 2008 సెప్టెంబరులో సరఫరాదారుల బృందం భారత్‌కు ప్రత్యేక మినహాయింపు ఇచ్చేదాకా ఆ దూరం తగ్గలేదు.

ఒత్తిడి, ఆంక్షలు

ఆర్థిక ఆంక్షల గురించి మాట్లాడేటప్పుడు, అవి అమలైన తరవాతి బలం కన్నా అమలు కాకముందు అవి కలిగించే జంకే ఎక్కువ ఫలితమిస్తుందన్న విషయాన్ని గుర్తించాలి. 1995 డిసెంబరులో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా పోఖ్రాన్‌లో అణుపరీక్షకు సన్నాహాలు జరుగుతున్నట్టు అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. అమెరికా రాయబారి ఫ్రాంక్ విజ్నర్ ఉపగ్రహ చిత్రాలను భారత అధికారుల ముందు పెట్టి, పరీక్ష జరిపితే ఎదురయ్యే పర్యవసానాలను హెచ్చరించారు. వార్త పత్రికలకూ ఎక్కింది. పరీక్ష జరగలేదు. దానికి ఆర్థిక సంస్కరణల భవిష్యత్తుపై ఆందోళన ఎంతవరకు కారణం, ఇతర కారణాలు ఎంతవరకు పనిచేశాయి అన్నదానిపై చరిత్రకారులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఒక్కటి మాత్రం స్పష్టం: సాక్ష్యం చూపించి ఒత్తిడి తేవడంలో ఒక మూల్యం ఉంది, ఆకాశం నుంచి ఏమేమి కనబడుతున్నాయో అవతలి పక్షానికి అది నేర్పుతుంది. 1998 మే 11, 13 తేదీల్లో భారత్ జరిపిన పరీక్షలకు సన్నాహాలు అందుకు తగ్గట్టే జాగ్రత్తగా, ఎక్కువగా రాత్రివేళల్లో సాగాయి. అమెరికా నిఘా వ్యవస్థ వాటిని ముందుగా కనిపెట్టలేకపోయింది.

భారత్, ఆ వెంటే పాకిస్థాన్ పరీక్షలు జరపగానే అమెరికా చట్టం ప్రకారం రెండు దేశాల మీదా ఆంక్షలు పడ్డాయి. కానీ పాకిస్థాన్ పెద్దయెత్తున గోధుమలు కొనబోతున్న సమయంలో ఎగుమతి రుణాలు ఆగిపోతే తాము నష్టపోతామని అమెరికా గోధుమ రైతులు గగ్గోలు పెట్టడంతో, రెండు నెలలు తిరగకముందే, 1998 జులైలో, వ్యవసాయ ఎగుమతి రుణాలకు మినహాయింపు ఇస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది. 2001 సెప్టెంబరులో మిగతా ఆంక్షలు కూడా చాలావరకు తొలగిపోయాయి. విధించినవారికే నొప్పి కలిగించే ఆంక్ష ఎక్కువకాలం నిలవదు. నిలవదని తెలిసిన ఆంక్షకు ఎవరూ భయపడరు.

ఇరాన్ విషయంలో ఆంక్షలు ఇంతకన్నా గట్టిగా పనిచేశాయి. భద్రతా మండలి తీర్మానాలు, 2012లో ఆ దేశపు బ్యాంకులను అంతర్జాతీయ చెల్లింపుల సందేశ వ్యవస్థ అయిన స్విఫ్ట్ నుంచి తప్పించడం, యూరప్ దేశాలు చమురు కొనుగోలు మానుకోవడం కలిసి ఇరాన్‌ను చర్చల బల్ల దగ్గరికి తెచ్చాయి. 2015 జులై 14న కుదిరిన ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధిచేయకూడదు, శుద్ధిచేసినదాన్ని 300 కిలోలకు మించి నిల్వ ఉంచుకోకూడదు, నతాంజ్‌లో 5,060 సెంట్రిఫ్యూజ్‌లను మాత్రమే నడపాలి; బదులుగా ఆంక్షలు సడలుతాయి. ఇరాన్ ఈ షరతులు పాటిస్తోందని తనిఖీదారులు నివేదిస్తున్న కాలంలోనే, 2018 మే 8న అమెరికా ఈ ఒప్పందం నుంచి తప్పుకుని ఆంక్షలను తిరిగి విధించింది. ఇరాన్ నుంచి చమురు కొంటున్న భారత్ కూడా 2019 మేలో ఆ కొనుగోలు ఆపుకోవలసి వచ్చింది. అదే ఏడాది నుంచి ఇరాన్ ఒక్కొక్క పరిమితినీ దాటుతూ పోయి, 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధికి చేరింది. ఆంక్షలకు శక్తి వాటిని విధించడంలో ఎంత ఉందో, షరతు నెరవేరినప్పుడు ఎత్తివేయడంలోనూ అంతే ఉంది. ఏంచేసినా ఆంక్షలు తప్పవనుకున్న దేశానికి లొంగవలసిన అవసరం కనిపించదు.

సైనిక చర్య

బలప్రయోగం త్వరగా ఫలితమిచ్చే సాధనంగా కనిపిస్తుంది. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్‌ను కూల్చివేశాయి. ఆ రియాక్టర్ పోయింది గానీ, సద్దాం హుస్సేన్ ప్రభుత్వం ఆ తరవాత తనిఖీదారుల కంటపడని మరో దారిలో, విద్యుదయస్కాంత పద్ధతిలో యురేనియం శుద్ధికి పూనుకున్నట్టు 1991 యుద్ధం తరవాతే బయటపడింది. 2003లో ఇందుకు తలకిందులైన తప్పు జరిగింది: ఇరాక్ అణు కార్యక్రమాన్ని పునరుద్ధరించినట్టు ఆధారాలేవీ దొరకలేదని, ఆ దేశం నైజర్ నుంచి యురేనియం కొన్నట్టు చూపిన పత్రాలు నకిలీవని అణుశక్తి సంస్థ అధిపతి మహమ్మద్ అల్ బరాదీ మార్చి 7న భద్రతా మండలికి నివేదించినా, రెండు వారాలలోపే యుద్ధం మొదలైంది. నిజం చెప్పిన తనిఖీదారులను పక్కకు నెట్టిన ఆ యుద్ధంలో లేని ఆయుధాల కోసం ప్రాణాలు పోయాయి.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఆ వెంటనే అమెరికా, ఇరాన్ అణుకేంద్రాల మీద దాడి చేశాయి. దాడుల ముందు నాటికి ఇరాన్ వద్ద 60 శాతం శుద్ధిచేసిన యురేనియం 440 కిలోల పైచిలుకు ఉన్నట్టు అణుశక్తి సంస్థ లెక్కగట్టింది. దాడుల తరవాత ఇరాన్ ఆ సంస్థతో సహకారాన్ని నిలిపివేయడంతో, తనిఖీదారులు దేశం విడిచి వెళ్లారు, ఆ నిల్వను సరిచూసే మార్గం మూసుకుపోయింది. 2015 ఒప్పందంతో తొలగిన భద్రతా మండలి ఆంక్షలు మళ్లీ అమల్లోకి వచ్చాయని సెప్టెంబరులో యూరప్ దేశాలు ప్రకటించగా రష్యా, చైనా ఒప్పుకోలేదు. బాంబు యంత్రాలను పగలగొట్టగలదు గానీ, శాస్త్రజ్ఞుల తలల్లోని పరిజ్ఞానాన్ని గానీ, ఎక్కడికి తరలిందో తెలియని పదార్థాన్ని గానీ నాశనం చేయలేదు. తనిఖీ ఉన్నప్పుడు లోకానికి తెలిసిన సంగతి దాడి తరవాత తెలియకుండా పోవడం, ఈ సాధనం మీద ఆధారపడేవారు లెక్కలోకి తీసుకోవలసిన నష్టం.

హామీలు

ఒక దేశం బాంబు కోరుకోవడానికి చాలాసార్లు మూలకారణం భయం గనుక, ఆ భయాన్ని తీర్చే హామీయే సాధనాలన్నిటిలోకీ లోతైనది. 1970ల్లో దక్షిణ కొరియా ఫ్రాన్స్ నుంచి ప్లుటోనియం వేరుచేసే కర్మాగారం కొనాలనుకుంది; అమెరికా ఒకపక్క రుణాలు, సహకారం ఆగిపోతాయని ఒత్తిడి తెచ్చింది, మరోపక్క తన సైన్యాన్ని అక్కడ ఉంచింది. 1976లో ఆ కొనుగోలు రద్దయింది. ఒత్తిడికి రక్షణ తోడయినందువల్లే అది ఫలించింది. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనప్పుడు కజకిస్థాన్‌లో మిగిలిపోయిన ఆయుధాలు రష్యాకు తరలాయి. ఆ దేశంలో సరైన కాపలా లేకుండా పడి ఉన్న దాదాపు 600 కిలోల శుద్ధిచేసిన యురేనియాన్ని 1994లో అమెరికా కొని తీసుకెళ్లింది. ఒక్క తూటా పేలకుండా, వ్యాప్తి నిరోధంలో అంత పెద్ద ఫలితం సాధించిన సందర్భాలు అరుదు.

అదే ఏడాది డిసెంబరు 5న ఉక్రెయిన్‌తో కుదిరిన బుడాపెస్ట్ అవగాహన కథ వేరు. తన నేల మీదున్న సుమారు 1,900 వ్యూహాత్మక అణ్వస్త్రాలను రష్యాకు అప్పగించడానికి ఉక్రెయిన్ ఒప్పుకుంది. దాని సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్, రష్యా మాట ఇచ్చాయి. ఆ అస్త్రాలను ప్రయోగించే సంకేతాలు మాస్కో చేతిలోనే ఉన్నమాట నిజమే గానీ, 1996 జూన్ నాటికి ఉక్రెయిన్ తన మాట పూర్తిగా చెల్లించింది. 2014లో క్రిమియాను కలుపుకుని, 2022లో పూర్తిస్థాయి యుద్ధానికి దిగి రష్యా తన మాటను తుంచేసింది. ఎవరైనా దాడి చేస్తే సైన్యంతో కాపాడతామని ఆ పత్రంలో ఎవరూ రాయకపోవడం దాని బలహీనత. 2003 డిసెంబరులో అణు కార్యక్రమాన్ని వదులుకున్న లిబియా పాలకుడు గడాఫీ 2011లో నాటో వైమానిక దాడుల మధ్య సాగిన తిరుగుబాటులో హతుడయ్యాడు. లిబియా ప్రజలపై ఆయన సాగించిన దమనకాండను ఎవరూ సమర్థించనక్కరలేదు. అయినా ఆ పరిణామాన్ని ఉత్తర కొరియా ప్రభుత్వం నిరాయుధీకరణకు వ్యతిరేకంగా గుణపాఠంగా ఎత్తిచూపిందన్నది వాస్తవం.

ఉత్తర కొరియాతోనే 1994 అక్టోబరులో కుదిరిన జెనీవా ఒప్పందం ఇరుపక్షాలూ మాట తప్పితే ఏమవుతుందో చూపుతుంది. యాంగ్‌బ్యన్ రియాక్టర్‌ను ఆపి, అప్పటికే బయటికి తీసిన దాదాపు 8,000 ఇంధన కడ్డీలను తనిఖీదారుల కళ్లెదుట డబ్బాల్లో మూసి ఉంచడానికి ఆ దేశం ఒప్పుకుంది; బదులుగా ఏటా ఐదు లక్షల టన్నుల చమురు, బాంబు పదార్థం తీయడం కష్టమైన రెండు విద్యుత్ రియాక్టర్లు ఇస్తామని అమెరికా చెప్పింది. ఎనిమిదేళ్లపాటు అక్కడ ప్లుటోనియం ఉత్పత్తి ఆగింది. కానీ 2003 నాటికి సిద్ధం కావలసిన మొదటి రియాక్టర్‌కు 2002 ఆగస్టులో గానీ పునాది కాంక్రీటు పడలేదు. మరోవైపు ఉత్తర కొరియా చాటుగా యురేనియం శుద్ధికి సామగ్రి సమకూర్చుకుంది. 2002 చివర చమురు ఆగింది, తనిఖీదారులను పంపివేశారు, 2003 జనవరిలో ఆ దేశం ఎన్‌పీటీ నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది. 2006 అక్టోబరు 9న మొదటి పరీక్ష, 2017 సెప్టెంబరు నాటికి ఆరో పరీక్ష జరిగాయి.

ముగింపు

ఈ ఉదాహరణల నుంచి నాలుగు కర్తవ్యాలు తేలుతున్నాయి. ప్రభుత్వం మారగానే కూలిపోయే ఒప్పందాలు కాకుండా, చట్టసభల ఆమోదంతో నిలబడే ఒప్పందాలు కుదరాలి. ఆంక్ష విధించే తీర్మానంలోనే దాన్ని ఏ షరతు మీద, ఎప్పుడు ఎత్తివేస్తారో రాసి ఉండాలి. తనిఖీదారుల మాటకు గూఢచారి సంస్థల ఊహల కన్నా, అధినేతల పంతాల కన్నా ఎక్కువ విలువ దక్కాలి. ఆయుధం వదిలిన దేశానికి ఇచ్చే హామీలో, ఆపద వచ్చినప్పుడు ఎవరు ఏంచేస్తారో స్పష్టంగా ఉండాలి. వీటన్నిటికీ తోడు, ఆయుధాలున్న దేశాలు తమ వాటా తగ్గింపును చూపకుండా ఇతరులకు సంయమనం బోధించే హక్కును ఎక్కువకాలం నిలబెట్టుకోలేవు.

మాట నిలబెట్టుకోవడం అసాధ్యమని వాదించేవారికి దక్షిణాసియాలోనే జవాబుంది. అణుకేంద్రాల మీద దాడి చేయరాదని భారత్, పాకిస్థాన్ 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. ఎన్‌పీటీలో చేరని ఈ రెండు దేశాలు, కార్గిల్ యుద్ధం వచ్చినా, రాయబారులను వెనక్కి పిలిచినా, 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాయి. బద్ధవైరుల మధ్య ఈపాటి మాట మూడు దశాబ్దాలకు పైగా నిలిచినప్పుడు, అగ్రరాజ్యాలు తాము సంతకం చేసిన మాటలను నిలబెట్టుకోవాలని పౌరులు, చట్టసభలు, పత్రికలు గట్టిగా అడగడం న్యాయమైన కోరిక. అడగవలసిన బాధ్యత భారత పౌరులకు కూడా ఉంది.